సింకు సిలికాన్

వానలో కారు వెనక లైటు ఆరిపోతే ఏ లారీ అయినా గుద్దేస్తుంది. పాప కూర్చునేది వెనక సీట్లోనే. వీధి చివరి మెకానిక్‌కు ఈ భయం నవ్వులాట. వంటింటి సింకుకు పూసే సిలికాన్‌నే, నీళ్ళు దిగకుండా అని కారు లైట్లకూ వేలితో మెత్తి, మిగిలింది ప్యాంటుకు తుడుచుకుంటాడు. కొత్త లైటుకూ అదే మెత్తాడు. గుప్పున వెనిగర్ వాసన.

"అందులో ఆసిడ్ ఉందన్నా, రాగిని తినేస్తుంది. ఆసిడ్ లేని బ్యూటైల్ రబ్బరు టేపు వెయ్యి," అన్నాను.

"వాసనకే లైట్లు ఆరిపోతాయా అమ్మా?" అని మీసం దువ్వాడు.

నెల తిరక్కముందే తీగలకు చిలుం పట్టి లైటు ఆరిపోయింది. విప్పి చూపించినా సిగ్గుపడలేదు, మళ్ళీ ఆ సిలికాన్ గొట్టమే అందుకున్నాడు. వద్దన్నాను.

"అంత నమ్మకం లేకపోతే మీరే చేసుకోండి!" అని కసిరాడు.

అతని నోట వచ్చిన ఒకే ఒక్క మంచి సలహా అది. ఇప్పుడు నేనే చేసుకుంటున్నాను.