ప్రశ్నలో నేను కలిపిన వాక్యం

డెబ్బైల చివర మా అన్న శాసనసభ్యుడుగా ఉన్న ఏళ్లలో, సభకు వెళ్లే ప్రశ్నలన్నీ నా చేతిరాతతోనే వెళ్లేవి. నేను బడి ముఖం చూసినదాన్ని కాదు. మా అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చోబెట్టి, పళ్లెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించింది. తర్వాత రోజూ స్నానం కాగానే ఒక పేజీ రామనామం రాయించింది. అట్లా కుదిరిన రాత నాది. అన్న రాత మాత్రం మళ్లీ అన్నకే తెలిసేది కాదు.

కాశిబుగ్గలో మాది కిరాణా దుకాణం. అన్న ఇల్లు నాలుగిళ్ల అవతల. పొద్దున దీపం పెట్టుకుని, మా ఆయన దుకాణం తెరిచాక, నేను అన్న ఇంటి అరుగు మీద కాగితాలు పట్టుకుని కూర్చునేదాన్ని. అప్పటికే జనం వచ్చి ఉండేవారు. ఇంటర్వ్యూకు పిలిచి ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చారని ఒకరు, దవాఖానలో మందులు బయట కొనుక్కోమంటున్నారని ఒకరు. అన్న అందరి మాటా విని, చివరకు నా వైపు తిరిగి "ఇగ రాయి చెల్లె" అనేవాడు.

ప్రశ్నకు ఒక పద్ధతి ఉంది. అ, ఆ, ఇ అని ముక్కలు చేయాలి. ఫలానా మాట నిజమేనా అని అడగాలి. అయితే ఏం చర్య తీసుకుంటారు అని ముగించాలి. అందులో ఏడుపు ఉండకూడదు. ఒక మనిషి అరగంట చెప్పుకున్న బాధ నా కాగితం మీద మూడు వరుసలయ్యేది. జవాబు అంతకన్నా పొట్టిగా వచ్చేది. ఆ పని దొరకడం దేవుడి దయే అనుకునేదాన్ని గానీ, ఇంటికి వచ్చేసరికి ఒళ్లు బరువెక్కేది.

ఒకరోజు అన్న, ధర్మసాగర్ అవతల ఒక ఊరి దవాఖాన సంగతి రాయమన్నాడు. అక్కడ నర్సు పోస్టులో ఎవరూ లేరని ఊరివాళ్లు చెప్పి వెళ్లారు. ఆ దవాఖాన నాకు తెలుసు. అంతకు నాలుగేళ్ల ముందు మా రెండో పిల్ల పుట్టింది అక్కడే. చుట్టాలింట్లో పెళ్లికని వెళ్తే పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బస్సు అప్పుడే వెళ్లిపోయింది. ఎడ్లబండిలో దవాఖానకు చేరిస్తే, డాక్టరు పట్నంలో మీటింగుకు పోయాడు. ఉన్నది ఒక్క మనిషి. రిజిస్టరులో ఆమె ఊడ్చే మనిషి, అదీ దినకూలి మీద. ఊళ్లో మాత్రం అందరూ నర్సమ్మా అనే పిలిచేవారు. పిల్ల మెడకు పేగు చుట్టుకుని పుట్టింది, ఏడవలేదు. ఆమె పేగు తప్పించి, పిల్లను బోర్లా పట్టుకుని వీపు రుద్దుతూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"ఏడ్వు బిడ్డా, ఏడ్వు. మీ అమ్మ పొద్దటి సంది గింత గోస పడ్డది, జర ఆమె కోసమన్న ఏడ్వు."

పిల్ల ఏడ్చింది. ఆమె తన పాత చీర చింపి చుట్టి ఇచ్చింది.

మా అమ్మ నేర్పిన అలవాటు ఒకటుంది. దేవుణ్ణి ఏది అడిగినా, ముందు మనకు మేలు చేసినవాళ్లను తలుచుకుని ఆ తర్వాతే అడగాలి. ఆ రోజు కూడా చెయ్యి అట్లాగే నడిచింది. నర్సు పోస్టు ఖాళీగా ఉన్న మాట నిజమేనా అని 'అ' రాశాను. అన్న చెప్పిన రెండోది ఎప్పుడు భర్తీ చేస్తారన్నది. దాన్ని 'ఇ'గా జరిపి, మధ్యలో నా అంతట నేను 'ఆ' కలిపాను. ఏడేళ్లుగా దినకూలి మీద ఉన్న ఒక స్త్రీయే అక్కడ కాన్పులన్నీ చేస్తున్న మాట నిజమేనా?

అన్న కండువా సర్దుకుంటూ చదివాడు.

"ఈ నడిమిట్లది నేను చెప్పలే గద చెల్లె?"

"ఉన్న మాటనే గదన్నా. ఆమెను తల్సకుంట ఆ దవాఖాన సంగతి ఎట్ల రాయాలె?"

"మంగళారతి అనుకున్నవా, అందర్ని తల్సుకోనీకి? ఇది ప్రశ్న."

"గట్లనన్న ఆమెను పర్మనెంట్ చేస్తరేమో."

ఆయన గడియారం చూశాడు. రైలుకు టైమవుతోంది. సంతకం పెట్టి కాగితం సంచిలో వేసుకున్నాడు.

ప్రశ్న మంత్రి చేతికి వెళ్తుందని, ఆయన చదివి అయ్యో అనుకుంటాడని నా ఊహ. అది మంత్రి దగ్గర ఆగదట. పై ఆఫీసు నుంచి జిల్లా ఆఫీసుకు, అక్కడి నుంచి జీపులో ఆ దవాఖానకే జవాబు కోసం పోతుందట. జీపు వచ్చింది. కాన్పులు చేసే అధికారం లేని మనిషితో ఎట్లా చేయిస్తున్నారని డాక్టరును అడిగారు. డాక్టరు భయపడ్డాడు. మర్నాటి నుంచి ఆమెను రావద్దన్నారు.

అన్న హైదరాబాదు నుంచి జవాబు ఉన్న అచ్చు కాగితం తెచ్చాడు. (అ) లేదు, పోస్టు భర్తీ అయి ఉన్నది. (ఆ) లేదు. (ఇ) ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఉన్నదన్న నర్సు పట్నంలో ఏదో ఆఫీసులో పనిచేస్తూ, జీతం మాత్రం ఆ ఊరి పేరు మీద తీసుకుంటోంది.

"లేశి మళ్ల అడిగిన. పరిశీలిస్తం అన్నరు. పక్క ప్రశ్నకు పోయిండ్రు. కూసున్న" అన్నాడు అన్న.

తర్వాతి వారం నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే గడప దగ్గరే కూర్చుంది. చాయ్ చేతికిచ్చాను.

"అక్కా, మా ఊరోళ్లు నవ్వుతాండ్లు. ఏడేండ్లు చేసినా ఏ సారు కంట్ల పడకపోతివి, ఒక్కపాలి అసెంబ్లీకి పోంగనే ఇంటికొస్తివి అంటాండ్లు."

"ఆ ముక్క నేనే రాసిన" అన్నాను.

"ఎర్కేనక్కా. మంచికే రాసినవ్."

నన్ను తిట్టినా బాగుండేది. ఆమె అడగవచ్చింది ఒక్కటే. సర్కారు దవాఖానలకు ఆయాలను తీసుకుంటున్నారు. ఏడేళ్లు పనిచేసినట్టు కాగితం ఉంటే తనకు ఉద్యోగం దొరకవచ్చు. డాక్టరు ఇవ్వనన్నాడు. అన్నతో ఇప్పించమంది. ఆమె ఏడేళ్లు పనిచేసిందని అన్న పేరు మీద నేను ఉత్తరం రాశాను. అన్న చదివి కలం పక్కన పెట్టాడు.

"సభల లేదన్నరు చెల్లె. నేను ఉన్నది అని రాస్తె, ఆ జవాబే తీసి ముంగట పెడ్తరు."

అయినా సంతకం పెట్టాడు. ఆయన అన్నట్టే అయింది. ఆఫీసులో ఫైలు తెరిచి ఆమెకు అచ్చు కాగితం చూపించారట. "మీ ఎమ్మెల్యే అడిగిండు, లేదని చెప్పినం, ఆయన కూసున్నడు. ఇప్పుడెట్ల ఉంటది?"

నేనూ ఆమే ఆ ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాం. ఆమె చేత కాన్పయిన ఆడవాళ్లంతా మా దుకాణం నుంచి తీసుకుపోయిన సిరా డబ్బీతో వేలిముద్రలు వేశారు. మొదటి సంతకం నాది. ఆ కాగితం జతచేసి అన్న మళ్లీ ప్రశ్న పంపాడు. జవాబు ఇచ్చిన ప్రశ్న మళ్లీ అడగరాదని తిరిగి వచ్చింది.

ఆమె హన్మకొండలో ఒక ప్రైవేటు దవాఖానలో ఊడ్చే పనికి కుదిరింది. కాన్పు గదిని కడగనిస్తారు. కాన్పు జరిగేటప్పుడు మాత్రం లోపలికి రానివ్వరు.

అసలు నర్సు భయపడి, వారానికి రెండు రోజులు ఆ ఊరికి రావడం మొదలుపెట్టింది. ఊరి పెద్దలు కొబ్బరికాయ, దండ పట్టుకుని అన్న దగ్గరికి వచ్చారు. అన్న దండ వేయించుకోలేదు, చేతిలోకి తీసుకున్నాడు. ఆ రెండు రోజులకు నేనూ దేవుడికి దండం పెట్టాను. ఆ రోజుల్లో పురుడు పోసుకునే తల్లులు ఉంటారు కదా.

ఎనభైల్లో అన్న ఓడిపోయేదాకా ప్రశ్నలు రాస్తూనే ఉన్నాను. అన్న చెప్పినంతే రాశాను, ఒక్క మాట కలపలేదు. పొద్దున దీపం దగ్గర మాత్రం ఇప్పటికీ ముందు ఆమెనే తలుచుకుంటాను. ఆ తర్వాత ఏదీ అడగబుద్ధి కాదు, లేచి వచ్చేస్తాను.