రెండు పిడికిళ్ల ఉప్పు, ఒక తొట్టి బోరునీళ్లు

ఎనిమిదో తరగతి తప్పినవాడు ఒక ఇంజనీరింగ్ కాలేజీ మొత్తాన్ని ఒంటి చేత్తో ఆర్పేయగలడా అని మీకెప్పుడైనా సందేహం వస్తే నన్ను అడగండి. నేను ఆర్పి చూపించాను. అదీ చాటుగా కాదు. ముగ్గురు పెద్దమనుషుల కమిటీ, ప్రిన్సిపాల్, మేడం, ఇరవై మంది విద్యార్థులు కళ్లప్పగించి చూస్తుండగా ఆర్పాను. నవ్వొస్తే మొహమాటపడకండి. ఇప్పుడు నాకూ వస్తోంది. ఆ రోజు మాత్రం చెమట తప్ప ఇంకేమీ రాలేదు.

నా పేరు మద్దిలేటి. గుత్తిలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. బోర్లలో నీళ్లు అడుగంటే రోజుల్లో మోటార్లు ఒట్టిగా తిరిగి కాలిపోయేవి, నాకు చేతినిండా పని. ఆ తర్వాత బోర్లే ఎండిపోయాయి. నీళ్లు లేని బోరుకు మోటారెందుకు, మోటారు లేని ఊరికి మద్దిలేటెందుకు? షాపు మూసేసి, రోడ్డు పక్కన కొత్తగా లేచిన ఇంజనీరింగ్ కాలేజీలో కరెంటు ల్యాబులో మెకానిక్‌గా చేరాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట ఇది.

పుస్తకంలో ఉన్నది మేడం చెప్పేవారు. స్క్రూ ఎటు తిప్పాలో నేను చెప్పేవాణ్ణి. పిల్లలు ఇద్దరి మాటా వినేవారు, నా మాట కొంచెం ఎక్కువ వినేవారు.

"అన్నా, మోటారు ఎనక్కి తిరుగుతాంది. ఏమి చేయల్ల?"

"ఏవన్నా రెండు ఫేజులు మార్చి ఏయప్పా. పెండ్లి పీటల మింద మొగుడూ పెండ్లామూ చోటు మార్చుకున్నట్ల."

మోటారు ముందుకు తిరిగేది. పిల్లలు నన్ను తేరిపార చూసేవాళ్లు. ఆ చూపులే నా కొంప ముంచాయి. 'పుస్తకం చదివినోళ్లకంటే నీకే ఎక్కువ తెలుసురా మద్దిలేటీ' అని లోపల ఒకడు కూర్చుని రోజూ చెప్పేవాడు. వాడు నాకంటే తక్కువ చదివాడు.

ఉన్న లోటల్లా ఒకటే. నాది టెంపరరీ ఉద్యోగం. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు.

"మద్దిలేటీ, ల్యాబు చూడనీకె కమిటీ వస్తాంది. వాళ్లు పాస్ చేస్తే నీది పర్మినెంటు. చేయకుంటే ల్యాబే ఉండదు. ల్యాబు లేకుంటే నువ్వేడుంటావు?"

"ఇంట్లో ఉంటా సార్."

"ఇంట్లో నిన్ను ఉండనిస్తారా?"

ఆయనకు నా భార్య సుంకమ్మ సంగతి ఎలా తెలిసిందో! పర్మినెంటు మాట ఇంట్లో చెప్పానో లేదో, సాయంత్రానికి వీధంతా పాకింది. "మా ఆయన కాలేజీలో సారు. ఇంగ పర్మినెంటు" అని చాటింది. "సారు కాదే, సార్లకు తీగలు అందించేటోణ్ణి" అన్నాను. "అందించేటోడు లేకుంటే సారు యాడ తగిలిస్తాడు తీగలు?" అంది. ఈ ప్రశ్నకు ఏ యూనివర్సిటీలోనూ జవాబు లేదు.

ఇక మా సుభద్ర మేడం. కాకినాడ వైపు నుంచి వచ్చిన చిన్న వయసు మనిషి, మోటారును కూడా 'అండీ' అనే రకం. కమిటీకి చూపించడానికి ఆమె ఒక ప్రయోగం సిద్ధం చేశారు. జనరేటరు కరెంటు పుట్టిస్తే ఆ కరెంటును తినేది ఒకటుండాలి. దాన్నే లోడు అంటారు. అంతవరకూ మేము బల్బులు వెలిగించి తినిపించేవాళ్లం. కమిటీ కళ్లకు బల్బులేం ఆనతాయి? అందుకని గొర్రెలు నీళ్లు తాగే తొట్టి లాంటి సిమెంటు తొట్టి తెప్పించి, అందులో మూడు ఇనుప పలకలు వేలాడదీసి, పైన ఒక చేతిచక్రం బిగించాం. తొట్టిలో నీళ్లు పోసి కొంచెం ఉప్పు కలిపితే నీళ్లలోంచి కరెంటు నడుస్తుంది. పలకలు లోతుకు దించేకొద్దీ కరెంటు పెరుగుతుంది. చక్రం తిప్పే గౌరవం నాది.

కమిటీ వచ్చే ముందురోజు ట్రయల్ వేశాం. టాంకరు నీళ్లు పోసి, మేడం తన చేత్తో రెండు పిడికిళ్ల ఉప్పు వేశారు. మెల్లగా పలకలు దించాను. మీటరు ముల్లు పది ఆంపియర్ల దగ్గర పద్ధతిగా నిలబడింది. పలకలు ఎంత దిగాయో సుద్దముక్కతో గీత గీశాం. మేడం పుస్తకంలో రాసుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథా ఉండేది కాదు, నా పరువూ పోయేది కాదు.

తెల్లారి చూస్తే తొట్టిలో నీళ్లు పలకల తుప్పుతో టీ డికాషను రంగులో ఉన్నాయి.

"మద్దిలేటి గారూ, ఇవి పారబోసేసి, మంచినీళ్లు పోసెయ్యండి" అని మేడం హడావుడిగా వెళ్లిపోయారు.

మంచినీళ్లు! ఆమెకు ఆ మాట నోటికొచ్చిన మాట. గోదావరి పక్కన పుట్టినవాళ్లకు నీళ్లన్నీ మంచివే. మా సీమలో మంచినీళ్లంటే బోరు నీళ్లు కానివి, టాంకరులో వచ్చేవి, బిందెల వరుసలో పక్కింటివాళ్లతో జుట్లు పట్టుకుని తెచ్చుకునేవి. అలాంటి నీళ్లను నాలుగు బిందెలు తొట్టిలో పోసి, పైన ఉప్పు వేసి పాడుచేయాలట! నా లోపల కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. 'ఒరే మద్దిలేటీ, ఎటూ ఉప్పు కలిపేదే కదా. ఉప్పునీళ్లే పోస్తే పోలేదా?'

టాంకరు నీళ్లను కాంటీనుకు పంపించాను, కమిటీకి కాఫీ బాగా కుదురుతుందని. తొట్టి నిండా కాలేజీ బోరు నీళ్లు కొట్టాను.

ఫైనలియర్ హసీనా అప్పుడే వచ్చింది. కొత్తచెరువు పిల్ల, కన్నూ నోరూ రెండూ చురుకే.

"అన్నా, ఇవి బోరు నీళ్లు కదన్నా? మేడం మంచినీళ్లు పోయమనె గదా."

"ఉప్పు తగ్గకుండా ఉంటే మంచిదే కదమ్మా."

"ఈ నీళ్లకు సబ్బు గూడ నురగ రాదన్నా!"

"మేమేమన్నా తొట్టికి నీళ్లు పోసి స్నానం చేయిస్తాండామా? పోమ్మా, పోయి రీడింగులు రాసుకో."

అన్నీ తెలిసినమ్మ అమావాస్య నాడు చచ్చిందంటారు. అన్నీ తెలిసిన మెకానిక్ కమిటీ నాడు చస్తాడు.

పది గంటలకు కమిటీ దిగింది. ముగ్గురిలో పెద్దాయన తల నెరిసిన ప్రొఫెసరు, మాట్లాడిందంతా ఇంగ్లీషే. కాఫీ తాగి ల్యాబులోకి వచ్చారు. ఆయన గౌరవార్థం కిటికీలకు కొత్త పరదాలు కట్టి, లైట్లన్నీ వేశాం. జనరేటరు తిరుగుతోంది.

"ఉప్పు వేయండి మద్దిలేటి గారూ. రెండు పిడికిళ్లు" అన్నారు మేడం.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. నిన్న వేసింది మేడం పిడికిలితో. అది నిమ్మకాయంత. నాది రాగిసంగటి ముద్దంత. పైగా కమిటీ చూస్తోందని ముద్ద కొంచెం పెద్దదే చేశాను.

"ఇప్పుడు పలకలు మెల్లగా దించండి."

"మెల్లగా ఎందుకు మేడం, గీత ఉండాది కదా!" అని, చేతిచక్రాన్ని బావి గిలకలా గిరగిరా తిప్పి, ఒక్కసారే సుద్దగీత దాకా దించేశాను.

ముల్లు కుక్క తరిమిన మేకపిల్లలా పరుగెత్తి, చివరి గోడకు కొట్టుకుని అక్కడే వణుకుతూ నిలబడింది. తొట్టిలో నీళ్లు సంగటి ఎసరులా కుతకుతలాడాయి. జనరేటరును తిప్పే మోటారు ఈననున్న బర్రెలా మూలగసాగింది.

"ఎత్తండి! పైకెత్తండి!" అని అరిచారు మేడం.

ఎత్తాలనే తిప్పాను. కంగారులో చెయ్యి అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. పలకలు ఇంకా దిగాయి.

ఠప్!

మామూలుగా అయితే ల్యాబు ఫ్యూజు కాలి అక్కడితో ఆగాలి. కానీ ఆ ఫ్యూజు మాటిమాటికి పోతోందని, మా రైతులు బోరు స్టార్టరులో వేసే లావు తీగ అందులో వేసిందీ ఈ చేతులే. అది మన సీమ తీగ, పట్టుదల గలది, పోలేదు. దాని బదులు కాలేజీ మెయిన్ స్విచ్చు పడిపోయింది. నాలుగంతస్తుల్లో ఫ్యాన్లూ లైట్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. పరదాల వల్ల ల్యాబంతా చీకటి, దాని నిండా ఆవిరి.

"ఏమయింది?" చీకట్లో ప్రిన్సిపాల్ గొంతు.

"కరెంటు పోయింది సార్" అన్నాను.

"అది నాకూ కనపడుతాంది!"

"నాకేమీ కనపడటం లేదు సార్."

పరదాలు లాగారు. వెలుతురు పడింది, నా ముఖం మీద తప్ప. పెద్దాయన కళ్లద్దాల మీది ఆవిరి తుడుచుకుంటూ మేడం వైపు తిరిగారు.

"ట్రయల్ చూసుకోలేదా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"చూశాం సార్. ఇవే పలకలు, రెండు పిడికిళ్ల ఉప్పు, పది ఆంపియర్లు. ఇదిగో రాసుకున్నాను సార్..." అని పుస్తకం తెరిచి చూపించారు.

"రాసుకుంటే చాలదు మేడం, చేసేది రావల్ల!" అన్నారు ప్రిన్సిపాల్.

నేను నోరు మూసుకుంటే చాలు. తప్పు మేడం ఖాతాలో పడుతుంది, నా ఉద్యోగం నాకుంటుంది, సుంకమ్మ వీధిలో తలెత్తుకుని తిరుగుతుంది. అంతా సవ్యంగానే ఉంది, కానీ హసీనా ఒక్కతి నన్నే చూస్తోంది. బోరు నీళ్ల సంగతి ఆ పిల్లకు తెలుసు.

ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదట. ఉప్పు వేసినవాడికి మాత్రం తప్పుతుందా?

"సార్, మేడందేమీ లేదు. నీళ్లు పోసింది నేను."

"విచ్ వాటర్?" అన్నారు పెద్దాయన.

"బోరు నీళ్లు సార్. మంచినీళ్లు పోయమనె మేడం. మనకు తాగనీకే లేవు, కరెంటుకు యాడ తాపేది అని నేనే మార్చినా. ఉప్పేసిందీ నేనే. చక్రం తిప్పిందీ నేనే. ఫ్యూజులో లావు తీగ గూడ..."

"చాలు చాలు, ఇంగేమన్నా ఉంటే రేపు చెప్పు!" అన్నారు ప్రిన్సిపాల్, తల పట్టుకుని.

పెద్దాయన మూలనున్న బకెట్టు దగ్గరికి నడిచారు. అందులో కొట్టగా మిగిలిన బోరు నీళ్లున్నాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నారు. ముఖం చింతకాయ కొరికిన పసిబిడ్డలా అయింది. అంతే, అంతసేపూ మాట్లాడిన ఇంగ్లీషు ఆ నాలుక మీదే కరిగిపోయింది.

"ఏమప్పా! ఇది బోరా, సముద్రమా? మా విడపనకల్లులో గూడ ఇంత లేదు గదప్పా!"

కమిటీ పెద్దాయన మా జిల్లావాడే! నాకు ప్రాణం సగం లేచి వచ్చింది.

"ఆ మంచినీళ్లు యాడికి పోయినాయి మరి?"

"మీ కాఫీలోకి సార్."

"అందుకేనా, రెండో లోటా గూడ అడిగి తాగితిని" అని ఆయన నవ్వడం మొదలుపెట్టారు. మిగతా ఇద్దరూ నవ్వారు. చివరికి, జీతం ఇచ్చేవాడిలా ఆలస్యంగా, ప్రిన్సిపాల్ కూడా నవ్వారు.

పెద్దాయన పిల్లల వైపు తిరిగారు. "నవ్వింది చాలు. ఫస్టు ఆ ఫ్యూజు సరైన తీగతో కట్టండి. తొట్టి కడిగి ఇవే బోరు నీళ్లు పోయండి, ఉప్పు వద్దు. ఒక్కో అంగుళం దించుతా రీడింగు తీయండి. తర్వాత మంచినీళ్లతో తీయండి. రెండింటికీ గ్రాఫు గీసి నాకు చూపించండి."

మధ్యాహ్నం దాకా తీశారు. చక్రం హసీనా తిప్పింది, నేను గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాను. తేలిందేమిటంటే, మా బోరు నీళ్లకు చిటికెడు ఉప్పు కూడా అక్కర్లేదు. పలకలు సుద్దగీత దాకా దిగకముందే పది ఆంపియర్లు వచ్చేశాయి. అంటే నా ఆలోచన సరైనదే, ఉప్పు వేయకుండా ఉండి ఉంటే! ఆ మాట పైకి అనబోయాను. మేడం ఎప్పుడూ లేనిది 'అండీ' లేకుండా "మద్దిలేటీ" అన్నారు. మళ్లీ గోడకు ఆనుకున్నాను.

'ఇక్కడి పిల్లలు ఇక్కడి నీళ్లతో నేర్చుకుంటున్నారు' అని రాసి కమిటీ ల్యాబును పాస్ చేసింది. నా ఉద్యోగం పర్మినెంటు అయింది. ఆ ఆర్డరు కాగితాన్ని సుంకమ్మ వీధిలో అందరికీ చూపించింది, తలకిందులుగా పట్టుకుని.

ఇంతటితో ముగిసిందనుకున్నాను. కానీ ఇంజనీరింగ్ కాలేజీల ఆచారం మీకు తెలియదు. అక్కడ ల్యాబు రికార్డులు ఎవరూ సొంతంగా రాయరు. పెద్దవాళ్లు రాసింది చిన్నవాళ్లు, వాళ్లది వాళ్ల తర్వాతివాళ్లు, కామాతో సహా దించుకుంటారు. ఆ ఏడాది ఎవరో కోతి ఈ ప్రయోగం చివర 'జాగ్రత్తలు' అన్నచోట మూడో నంబరుగా ఇంగ్లీషులో ఒక వాక్యం చేర్చింది: 'నీళ్లు పోసేటప్పుడు మద్దిలేటిని తొట్టికి దూరంగా ఉంచవలెను.'

అయిదారేళ్లు గడిచాయి. వాక్యం బ్యాచి నుంచి బ్యాచికి నడిచి వెళ్లింది. ఒక పరీక్షలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు రికార్డు తిరగేస్తూ ఆగిపోయాడు.

"మద్దిలేటి అంటే ఏమిటి బాబూ?"

రికార్డు తెచ్చిన కుర్రాడు కొత్తవాడు, నా పేరు ఎరగడు. నేను వాడి పక్కనే తీగలు పట్టుకుని నిలబడి ఉన్నాను. వాడు ఏ మాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"పాత మోడల్ పరికరం సార్. చానా కరెంటు తింటాది. ఇప్పుడు మార్కెట్లో దొరకడం లేదు సార్."

పది మార్కులకు తొమ్మిది వేశాడు ఎగ్జామినరు వాడికి.

ఆ రోజే, ఎడమ చేత టెస్టరు, కుడి చేత ఆ రికార్డు పట్టుకుని, ల్యాబు నడిమధ్యన ప్రమాణం చేశాను: ఈ జన్మలో తొట్టిలో చుక్క నీళ్లు పోయను, చిటికెడు ఉప్పు ముట్టను, ఎవరైనా 'మంచినీళ్లు' అంటే ఏ ఊరి మంచినీళ్లో అడగకుండా బిందె ఎత్తను. నేటివరకూ మాట తప్పలేదు. మోటారు ఎనక్కి తిరిగితే మాత్రం రమ్మనండి, వస్తాను. ఈ మోడల్ ఆ పనికి ఇంకా బాగానే తిరుగుతుంది.