చడీచప్పుడు లేని కారులో వినగడప దాకా

కారు కొనాలా వద్దా అనే మాట మా ఇంట్లో ఏడాదిగా నానుతోంది. ఇంతలో తిరువూరులో ఉండే మా అక్కా వాళ్ళు హైబ్రిడ్డు కారు కొన్నారు. కాసేపు బ్యాటరీ, కాసేపు పెట్రోలు, చప్పుడు ఉండదు, మైలేజీ బ్రహ్మాండం అని మా ఆయన ఫోన్లో వీడియోలు చూసి చూసి, కారు ఎక్కకుండానే నిపుణుడైపోయారు. "ఎలాగూ వెళ్తున్నావుగా, మంచిచెడ్డలు రెండూ చూసి రా" అన్నారు. నేను వెళ్తున్నది మా అక్క కొడుకు వంశీ నిశ్చితార్థానికి. మా ఆయన లెక్కలో మాత్రం అది కారుకి పెట్టిన పరీక్ష.

విజయవాడ బస్టాండులో ఉదయం ఆరున్నరకి తిరువూరు బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా రూపాయల టికెట్టు చేతిలో పెట్టాడు. దాదాపు డెబ్భై కిలోమీటర్లకి నా చమురు ఖర్చు సున్నా. ఈ మైలేజీ ఏ హైబ్రిడ్డుకి వస్తుందో కనుక్కోమని మా ఆయనకి సీట్లోంచే మెసేజ్ పెట్టాను. కొండపల్లి దాటేసరికి కిటికీ అద్దాలన్నీ గడగడలాడుతున్నాయి. పక్కన కూర్చున్న మైలవరం పెద్దావిడ ఎవరింటికి, ఎందుకు, పెళ్ళికూతురు ఏం చదివింది అని ఆరా తీసింది. కారు సంగతి చెప్పగానే మొహం చిట్లించింది.

"మా అల్లుడూ అట్టాంటిదే కొన్నాడమ్మా. ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడతాడో తెలవదు. ఇంట్లో గొంతెత్తి మాట్టాడుకోడం మానేశాం" అంది.

నేను నవ్వేసి ఊరుకున్నాను. మధ్యాహ్నానికి ఆవిడ మాట విలువ తెలిసొచ్చింది.

తొమ్మిది కాకముందే తిరువూరులో దిగి వంశీ కోసం అటూ ఇటూ చూస్తుంటే, "పిన్నీ, నీ వెనకే" అని వినిపించింది. తెల్ల కారు నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. ఎప్పుడొచ్చిందో దేవుడికే తెలియాలి. ఎక్కి కూర్చుని, ఇంక స్టార్ట్ చెయ్యరా అన్నాను. స్టార్ట్ అయ్యే ఉందన్నాడు. అనడమే కాదు, కారు అప్పటికే కదిలింది కూడా.

ఇల్లు చేరేలోగా వాడు తన బాధ వెళ్ళబోసుకున్నాడు. పెళ్ళికూతురు హారికది వినగడప. పెళ్ళిచూపులైన దగ్గర్నించి రెండు నెలలుగా ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు, ఒకరంటే ఒకరికి ప్రాణంగా ఉంది. భయమల్లా వాళ్ళ నాన్నతోనే. అంతకుముందు రెండు సంబంధాలు తాంబూలాల దాకా వచ్చి ఆయన అలక వల్లే పోయాయి. ఒకచోట వాళ్ళు అరుగు దిగి ఎదురు రాలేదట. ఇంకోచోట పిల్ల తండ్రి ఫోన్లో మాట్లాడుతూ, రమ్మని చేత్తో సైగ చేశాడట.

"ఇది కూడా పోతే నేనింక ఏ పెళ్ళిచూపులకీ రాను పిన్నీ. నాన్న కారు దిగి వాళ్ళ గడపలో అడుగుపెట్టేదాకా నీదే పూచీ" అన్నాడు.

మా బావగారు వెంకటరత్నం గారు చెడ్డవారని కాదు. తిరువూరులో ఎరువుల కొట్టు, ఊరి చివర మామిడి తోట. అడిగినవాడికి లేదనరు. మర్యాద దగ్గర మాత్రం మనిషి నిప్పు. ఆయనకి ఇన్నాళ్ళూ ఒక డీజిలు జీపు ఉండేది. దాని మోత మలుపులో వినపడగానే కొట్లో గుమాస్తాలు లేచి నిలబడేవారు, ఇంట్లో మా అక్క టీ పొయ్యి మీద పెట్టేది, ఏ ఊరు వెళ్ళినా ఆయన దిగేసరికి గుమ్మంలో నలుగురు నిలబడి ఉండేవారు. అదంతా తన మర్యాదేననుకున్నారు పాపం. అందులో సగం జీపుది.

అక్క పెట్టిన పెసరట్టు ఉప్మా, కొత్తావకాయ తిని పదింటికి బయల్దేరాం. మిగతా చుట్టాలు వ్యానులో అరగంట వెనక వస్తారు. వంశీ నడుపుతున్నాడు, పక్కన అక్క. బ్యాటరీ కొంత చోటు తినేసింది కాబట్టి పళ్ళబుట్టలు డిక్కీలో పట్టలేదు. వెనక సీట్లో బావగారికీ నాకూ మధ్య రెండు బుట్టలు కూర్చున్నాయి. కారు కొనదలచినవాళ్ళు ఈ సంగతి రాసుకోండి. పెళ్ళివారికి డిక్కీ చాలదు.

మిగతాదంతా సుఖమే. అద్దాలు ఎత్తేస్తే వైశాఖం ఎండ కూడా బయటే నిలబడిపోయింది. కుదుపు లేదు, పొగ కంపు లేదు. బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీలోకి కరెంటు చేరుతుందని వంశీ వివరించాడు. అది విన్నప్పట్నించీ బావగారు ఖాళీ రోడ్డు మీద కూడా బ్రేకు వెయ్యమంటున్నారు. ఒక్కటే ఇబ్బంది. జీపులో అయితే వెనక సీట్లో ఆయన మీద ఎన్ని చలోక్తులు విసిరినా ఆయన చెవిన పడేవి కావు. ఇందులో నిట్టూర్పు కూడా వినపడుతుంది. మరదలికి ఆ మాత్రం స్వేచ్ఛ లేకపోతే ఎలా?

కొత్త కారు పెనుగొలనులో స్నేహితుడు చూడాలని ఆయన కోరిక. అందుకే అటుగా వెళ్ళాం. ఆ స్నేహితుడు టీ బడ్డీ దగ్గర రోడ్డుకి వీపు పెట్టి పేపరు చదువుతున్నాడు. మేం పక్కనించే వెళ్ళాం, తల తిప్పలేదు. వెనక్కి తిప్పమన్నారు బావగారు. మళ్ళీ వెళ్ళాం. ఈసారి పేజీ తిప్పాడు, తల తిప్పలేదు. "వాడికి చెవుడొచ్చింది" అని తేల్చేశారు ఆయన.

ఊరు దాటాక సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి ఉంది. ఒకామె మాకు వీపు పెట్టి కాళ్ళతో గింజలు తిరగేస్తోంది. వెనకాల కారు ఉందని ఆమెకి తెలియనే తెలియదు. వెనక్కి రెండడుగులు వేసిందంటే బానెట్టుకి తగులుతుంది. వంశీ ఆపేసి చిన్నగా హారన్ కొట్టాడు. ఆమె ఎగిరిపడి, గుండె మీద చెయ్యేసుకుంది. "దొంగల్లాగా ఏంటండీ ఇట్టా రావడం. మనిషి చచ్చిపోదూ" అంది. నేను దిగి క్షమించమని అడిగాను. చలోక్తులు ఎన్నయినా వేస్తాను గానీ, ఇది నవ్వే సంగతి కాదు. మన రోడ్ల మీద మనుషులు చూపుని కాదు, చెవులని నమ్ముకుని తిరుగుతారు. ఈ కారు నడిపేవాళ్ళు ఊళ్ళలో రెండింతలు జాగ్రత్తగా ఉండాలి. బావగారు మాత్రం దొంగల్లాగా అన్న మాట దగ్గరే ఆగిపోయి మూతి ముడుచుకున్నారు.

ఆ ముడుచుకున్న మూతితోనే పదకొండు దాటాక వినగడప చేరాం. పెళ్ళివారిల్లు వీధి మధ్యలో ఉంది. గేటుకి మావిడాకులు కట్టారు, ముగ్గు పెట్టారు. మనిషి మాత్రం లేడు. అంతా ఇంటి వెనక షామియానా కింద ఉన్నారు. గారెల పిండి రుబ్బే గ్రైండరు మోత, వంటవాళ్ళ కేకలు రోడ్డు దాకా వినపడుతున్నాయి. మా కారు నీళ్ళలో పడవలా వచ్చి గేటు పక్కన గోడ నీడలో ఆగింది. ఎవరూ రాలేదు.

"ఒక్కసారి హారన్ కొట్టనా నాన్నా?" అన్నాడు వంశీ.

"పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళలాగా హారన్ కొట్టుకుంటామా?" అన్నారు బావగారు.

పోనీ నేను ఫోన్ చేస్తానన్నాను. ఎదురు రమ్మని అడుక్కోవడం కంటే ఇంటికి పోవడం నయమన్నారు. నేను దిగి లోపలికెళ్ళి చెప్పొస్తానంటే నన్ను చూసిన చూపుకి బుట్టలో యాపిల్ పళ్ళు కూడా వాడిపోవాలి. వంశీ అద్దంలోంచి నా వైపు చూస్తున్నాడు, వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నా భయం వ్యాను గురించి. వ్యాను వచ్చేలోగా ఆయన దిగకపోతే ఈ అలక పదిమందిలో పంతమవుతుంది. పదిమందిలో పట్టిన పంతం ఆయన వదలరు. ఆ జీపే ఉంటే ఈపాటికి ఇంజను వేడికి ఉడికిపోయి ఆయనే దిగేవారు. ఈ కారులో ఏసీ చల్లగా, చప్పుడు లేకుండా, ఎంతసేపైనా అలగడానికి అనువుగా ఉంది.

అప్పుడు కారు వెనకవైపు నించి ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. ఒకరు హారిక. ఎదురింట్లో ముస్తాబై సొంతింటికి వెళ్తున్నట్టుంది. పక్కనున్నది పెదనాన్న కూతురు, వరసకి చెల్లెలని తరవాత తెలిసింది. "ఫొటోల వాళ్ళ కారు వచ్చేసినట్టుందే" అంది హారిక. వెనక కిటికీలకి ఎండ తగలకుండా నల్ల జాలీ తెరలు ఉన్నాయి. బయటినించి చూస్తే అది మంచి అద్దం. సరిగ్గా బావగారి ముక్కు ఎదురుగా నిలబడి జడలో పూలు సర్దుకుంది. నుదుటి మీద బొట్టుబిళ్ళ తీసి కారు అద్దానికి అంటించి, చీరకి నప్పే ఇంకోటి పెట్టుకుంది.

ఆ పిల్ల అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చెల్లెలు "మీ మామగారు ఎట్టా కూర్చుంటారో మళ్ళీ చెయ్యవే" అంది. హారిక గడ్డం పైకెత్తింది, లేని మీసం దువ్వింది, గొంతు సవరించింది. "మనిషికి అన్నం లేకపోయినా పర్లేదమ్మా, మర్యాద ఉండాలి" అంది. అచ్చం ఆయనే. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. వంశీ స్టీరింగు కిందికి జారిపోయాడు. నేను యాపిల్ పళ్ళు లెక్కపెడుతున్నట్టు నటించాను. బావగారి చెయ్యి అప్పటికే మీసం మీద ఉంది. అక్కడే ఆగిపోయింది.

"ఇట్టాంటి మనిషితో ఎట్టా వేగుతావే?" అంది చెల్లెలు నవ్వుతూ.

"అందులో ఏముందే? ఆయనకి ఎవరో ఒకరు ఎదురెళ్ళాలి, అంతే. సాయంత్రం కొట్టు నించి వచ్చేటప్పటికి రోజూ గేటు దాకా నేనే వెళ్తా. మా నాన్నకి వెళ్ళట్లేదా ఏంటి?"

ఇద్దరూ గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు. కారులో మాకు మా ఊపిరి వినపడుతోంది. మామూలు కారైతే దాని ఇంజను మోతలో తలదాచుకునేవాళ్ళం.

"వెనక్కి పోనీ" అన్నారు బావగారు.

చిన్నపిల్ల, ఏదో సరదాకి అని నేను మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపేశారు. వంశీ రివర్సు వేశాడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. మూడో సంబంధం కూడా పోయిందనుకున్నాను, నిజంగా ఏడుపొచ్చింది. కారు ఎలా వచ్చిందో అలాగే వీధి మలుపు దాకా వెనక్కి జారింది. ఊళ్ళో కుక్క కూడా మొరగలేదు.

మలుపులో ఆపమన్నారు. కండువాతో మొహం తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. వ్యాను కూడా అప్పుడే వచ్చి మా వెనక ఆగింది.

"ఇప్పుడు హారన్ మీద చెయ్యి తియ్యకుండా పోనీరా. ఎదురొచ్చేవాళ్ళకి మనం వస్తున్నట్టు తెలియాలి కదా" అన్నారు.

ఆ వీధి అంత గోల ఎన్నడూ విని ఉండదు. మా హారనుకి వ్యాను హారను తోడైంది. గేటు చేరేసరికి ఇల్లంతా బయటే ఉంది. హారిక తండ్రి సాంబశివరావు గారు పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి, చెయ్యివ్వాలా వద్దా అని తటపటాయించారు. పెళ్ళిచూపులకి వచ్చిన జీపు మోత కోసం పొద్దుట్నించీ చెవులు అటే పెట్టి ఉన్నామండి అన్నారు. బావగారు దిగి, ఆ పిండి చేతులు రెండూ తనే పట్టుకున్నారు. వంశీ నా వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. నేను చేసిందేమీ లేకపోయినా దణ్ణం ఉంచుకున్నాను.

తాంబూలాలు మార్చుకున్నారు. గారెలు, మామిడికాయ పప్పు, ముక్కల పులుసు, చివర బంగినపల్లి పళ్ళు. హారిక వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టినప్పుడు బావగారు అక్షింతలు వేశారు. తరవాత అలవాటుగా మీసం వైపు లేచిన చెయ్యి సగంలో ఆగి, దారి మార్చుకుని జేబులోకి వెళ్ళింది. ఆ ప్రయాణం చూసింది నేనూ అక్కా మాత్రమే.

నాలుగింటికి సాగనంపడానికి అందరూ గేటు దాకా వచ్చారు. హారిక కూడా వచ్చింది. ఈసారి కారుని తీరిగ్గా చూసింది. నల్ల తెర, దాని మీద అద్దానికి అంటుకుని తన ఎర్ర బొట్టుబిళ్ళ. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. లోపల కూర్చున్న బావగారు అద్దం దించబోయి, దించితే బిళ్ళ ఊడిపోతుందని కాబోలు, తలుపే తెరిచారు.

"గేటు దాకా వచ్చావు. చాలా మంచిదమ్మా" అన్నారు.

హారిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవుల మీద నవ్వూ వచ్చింది. "రోజూ వస్తానండి" అంది.

తిరుగు దారిలో కొంత దూరం వెళ్ళాక బావగారు అడిగారు, "నేను నిజంగా అట్టా మీసం దువ్వుతానా?" అని. కారులో ఈగ వాలితే వినపడేంత నిశ్శబ్దం. అంతలో ఎత్తు ఎక్కుతుంటే పెట్రోలు ఇంజను దానంతటదే అందుకుంది. ఆ మోత చాటున ముగ్గురం కడుపారా నవ్వుకున్నాం. ఎత్తు అయిపోయి ఇంజను ఠక్కున ఆగిపోయింది. నవ్వు ఆగలేదు. ఆయన కిటికీ వైపు తిరిగి బొట్టుబిళ్ళ చూస్తూ, కారు కడిగేటప్పుడు ఇది ఊడకూడదని వంశీకి చెప్పారు.

ఆరింటికి తిరువూరులో విజయవాడ బస్సెక్కాను. మళ్ళీ సున్నా టికెట్టు, మళ్ళీ గడగడలాడే అద్దాలు. మైలవరం దగ్గర మా ఆయన ఫోన్ చేశారు. కారెలా ఉంది, కొనొచ్చా అని. బస్సు మోతకి మించి అరుస్తూ చెప్పాను. ఖర్చు తక్కువ, సుఖం ఎక్కువ, డిక్కీ చిన్నది, ఊళ్ళలో భయం. రహస్యాలు దాగవు, అలకలు మాత్రం చల్లగా సాగుతాయి. అటువైపు ఆయన ఇదంతా రాసుకుంటున్నట్టున్నారు.

"సరే, ఇంటికొచ్చాక వివరంగా చెబుదువు" అన్నారు.

"కారు సంగతి తరవాత. ఎనిమిదిన్నరకి దిగుతాను. బస్టాండుకి ఎదురు రండి" అన్నాను.

"ఏం, సామాను ఎక్కువుందా?"

"లేదండీ. ఊరికే రండి."