హాస్టల్‌కు పట్టుకెళ్లిన పెళ్లి అరిసెలు

మా ఊళ్లో పెళ్లయితే, రాలేకపోయిన వాళ్లకు అరిసెలు పంపాలి. పంపకపోతే వాళ్లను మనుషుల్లో లెక్కగట్టనట్టే. అందుకే వేసవి సెలవుల్లో నా మనుమరాలి పెళ్లయ్యాక, అది తిరిగి ఖమ్మం హాస్టల్‌కు పోయేటప్పుడు మా అమ్మాయి డబ్బా నిండా అరిసెలు పెట్టి పంపింది. పిల్ల అక్కడ హాస్టల్‌తో కలిసిన ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదువుతోంది; హాస్టల్లో ఉంటేనే చదువు. తోటి పిల్లలకు పంచి, వార్డెన్‌కూ పెట్టింది. ఎవరి పెళ్లి అని ఆమె అడిగితే, నాదేనని సిగ్గుపడుతూ చెప్పింది. వార్డెన్ అరిసె తిన్నది. సాయంత్రానికి పెట్టె సర్దుకోమన్నది.

ఫోన్ రాగానే మణుగూరులో బస్సెక్కి నేనే పోయాను. మా అమ్మాయికి నోరు లేదు. గేటు పక్క బోర్డు మీద 'పెళ్లికాని బాలికలకు మాత్రమే' అని ఉంది. అరవై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, కూడబలుక్కుని చదువుకున్నాను.

ప్రిన్సిపాల్ కుర్చీ వేయించింది. మర్యాదకు లోటు చేయలేదు. పెళ్లైన పిల్ల ఉంటే మిగతావాళ్ల మనసు చెదురుతుందట. ఈ రూల్‌కు భయపడి మా అడవి ఊళ్లలో తొందరపడి పెళ్లిళ్లు చేయరట కూడా.

"దీని మొగుడు గూడ ఈ ఊర్లనే మగపిల్లల హాస్టల్ల ఉన్నడు మేడం. వానికీ అదే పందిట్ల పెండ్లైంది. వాన్నెవ్వరు పొమ్మనలే," అన్నాను.

"మగపిల్లల సంగతి వేరు పెద్దమ్మా."

"ఏంది వేరు? చదువు కాడ ఆడ, మగ తేడా చూపొద్దని చట్టముందంట కదా."

"ఏ చట్టం?"

నాకు దాని పేరు తెలియదు. వయోజన బడిలో పంతులమ్మ చెప్పగా విన్నదే. పిల్ల పెట్టె ఎత్తుకుని బయటికొచ్చాను.

ఊళ్లో మహిళా సంఘం రెండుగా చీలింది. సగం మంది ఆ రూలే మంచిదన్నారు. "ఊరంతా చాటుకున్నది చాలక వార్డెన్‌కు గూడ అరిసె తినిపిచ్చిండ్రు, గింత తెలివికి డిగ్రీ దేనికే?" అని నా ఈడుది ఒకతె ఎగతాళి చేసింది. తొందరపాటు పెళ్లిళ్లు ఆగాలన్న మాట నేనూ కాదనను. కానీ మా ఇంట్లో ఆగింది పెళ్లి కాదు, చదువు.

మనుమరాలు బూర్గంపాడు వైపు మిరపచేలకు కూలికి పోయింది. మొగుడు పరీక్షలు రాశాడు. ఈలోగా ఆ రూల్ మీద గొడవ పేపర్లకెక్కింది, కోర్టు దాకా పోయింది. చివరికి రూల్ తీసేశారు. మళ్లీ కాలేజీలు తెరిచే వేళకు ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, పిల్లను తెచ్చి చేర్చమన్నది.

ఆ మాట చెబితే పిల్ల కొంగు పొట్ట మీదికి లాక్కుంది. అయిదో నెల నడుస్తోంది.

"ఇప్పుడు దీన్ని జూసి ఏమంటరో అమ్మమ్మా. నన్ను మల్ల ఆడికి తీస్కపోకు."

చట్టం మన దిక్కే ఉంది, పోదాం పద అన్నాను. కదల్లేదు. మర్నాడు ఫోన్ చేసి, పిల్ల రాదని నేనే చెప్పాను. ప్రిన్సిపాల్ సరేనన్నది. ఎందుకని అడగలేదు.