ఇంగ్లీషులో చెబితేనే వింటాను

నలభై రెండు మంది పిల్లలను పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వకుండా చేయబోయిన ఘనుణ్ని నేను. ఇప్పుడు మీరు నవ్వండి, నేనూ నవ్వుతాను. ఆ రోజు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి.

తొంభైల నాటి సంగతి. పాశమైలారం దగ్గర సర్కారు హైస్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరి ఏడాది కాలేదు. హైదరాబాదులో పది రోజుల ట్రైనింగుకు పంపారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషిని, వచ్చేటప్పటికి నేరుగా లండన్ నుంచి దిగినవాణ్ని! రాగానే చట్టం చేశాను. నా పీరియడ్‌లో తెలుగు వినపడకూడదు, మాట్లాడినవాళ్లు బెల్లు కొట్టేదాకా నిలబడాలి. మొదటి వారమంతా క్లాసు క్లాసే నిలబడింది, బెంచీలు హాయిగా విశ్రాంతి తీసుకున్నాయి. రైతుల పిల్లలు, ఫ్యాక్టరీ కార్మికుల పిల్లలు, మందుల డబ్బాల మీద తప్ప ఇంగ్లీషు చూడనివాళ్లు. వాళ్లను నేను ఉద్ధరిస్తున్నానని నా గట్టి నమ్మకం.

ఒక సాయంత్రం హెడ్మాస్టరు గారు పరీక్ష ఫారాల కట్ట నా చేతికిచ్చారు.

"ఇంగ్లీషుల పేర్లు సక్కగున్నయో లేవో జెర సూడుండ్రి సార్. రేపే ఆఖరు తారీఖు. ఐదింటి లోపట సంగారెడ్డి విద్యాశాఖ ఆఫీసుల అప్పజెప్పకుంటే పోరగాండ్లకు ఏడాది పోతది. పైలం!"

"నేనున్న గద సార్, మీరు పరేషాన్ కాకుండ్రి," అన్నాను. ఎంత ధీమానో చూశారా?

పటాన్‌చెరులో మా ఇంటికి తీసుకెళ్లి అన్నీ సరిచూశాను. పొద్దున ఎప్పటిలాగే కంపెనీ బస్సెక్కాను. కార్మికులను తీసుకుపోయే ఆ బస్సు డ్రైవరు మా టీచర్లను దారిలో స్కూలు దగ్గర దింపేవాడు. టిఫిన్ డబ్బా ఒక చేత్తో, గొడుగు ఇంకో చేత్తో పట్టుకుని దర్జాగా దిగాను. ఫారాల సంచీ మాత్రం సీటు మీదే కూర్చుని ఫ్యాక్టరీకి డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ సంగతి నాకు తెలిస్తే కదా!

రెండో పీరియడ్, పదో తరగతి. సుజాత అనే అమ్మాయి రొప్పుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగింది. వాళ్ల నాన్న ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే వాచ్‌మన్.

"సార్, మా నాయిన జల్దీ..."

"ఇన్ ఇంగ్లిష్!"

ఆ పిల్ల మాటలు వెతుక్కుంది. "ఫాదర్... గేట్..."

"ఫుల్ సెంటెన్స్!" అంటూ నేనే బోర్డు మీద రాశాను. 'మై ఫాదర్ ఈజ్ ఎట్ ద గేట్.' క్లాసు చేత మూడుసార్లు చెప్పించాను.

"బ్యాగ్ సార్! బ్యాగ్... కప్‌బోర్డ్!"

"వెరీ గుడ్! ద బ్యాగ్ ఈజ్ ఇన్ ద కప్‌బోర్డ్." అదీ రాశాను. క్లాసు కిటికీలు అదిరేలా చదివింది.

"ఆఫీసర్ గో సార్! హైదరాబాద్ గో! కీ గో!"

నా ఆనందం ఏమని చెప్పను! ఇన్ని నెలల్లో ఒక్క ముక్క మాట్లాడని పిల్ల తనంతట తాను ఇంగ్లీషు మాట్లాడుతోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నావి ఆనందబాష్పాలు, ఆ పిల్లవి మాత్రం అసలువి.

"సార్, మీకు దండం పెడ్త, ఒక్కసారి తెలుగుల..."

"స్టాండప్!" అన్నాను. నిలబడే ఉన్న పిల్లను ఇంకెలా నిలబెడదామనుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఆ కేకలకు హెడ్మాస్టరు గారు వచ్చారు. "ఏంది సార్ గీ లొల్లి? ఫారాలేవి?"

"స్టాఫ్ రూముల సార్, నా సంచిల..." అని ఆగిపోయాను. టిఫిన్ డబ్బా పెట్టిన చోటు గుర్తుంది. గొడుగు తగిలించిన మేకు గుర్తుంది. సంచీ?

ఆయన బోర్డు చదివి సుజాత వైపు తిరిగారు. "ఎవలి బ్యాగు బిడ్డా?"

"సార్‌దే సార్! బస్సుల ఇడిశిపెట్టిండ్రు. మా నాయిన సూసి నన్ను తోలిండు. సెక్యూరిటీ ఆఫీసరు అల్మారల పెట్టి తాళమేసిండు. సారొచ్చి అడిగితెనే గేటు పాసు రాసి ఇస్తడట. ఆయన పదకొండింటికి హైదరాబాద్ పోతే మళ్ల రేపే వస్తడట!"

హెడ్మాస్టరు గారు నన్ను పైనుంచి కిందికి చూశారు. "అంటే, జరిగిందంతా నీ చేతులతోని బోర్డు మీద రాసుకొని, పిల్లలతోని సదివించుకుంట నిలవడ్డవా?"

పదకొండుకు ఇంకా పదే నిమిషాలు. ఆయన స్కూటర్ నడుపుతుంటే, వెనక సీటు మీద సుజాత, ఆ వెనక స్టెప్నీ టైరు మీద నేను. దారిలో ఉన్న గుంతలన్నీ నాకు స్వయంగా పరిచయమయ్యాయి.

మేము చేరేసరికి ఆఫీసరు ఒక కాలు జీపులో పెట్టేశాడు. మిలిటరీ మీసం, తెలుగు బొత్తిగా రాదు. హెడ్మాస్టరు గారిని, ఆయన స్కూటర్‌ను గేటు బయటే ఆపేశారు. నేనూ సుజాతా లోపలికి పరుగెత్తాం.

"యువర్ బ్యాగ్? వాట్ ఈజ్ ఇన్‌సైడ్?" అని ఆఫీసరు గద్దించాడు.

నోరు తెరిచాను. ఒక్క ఇంగ్లీషు ముక్కా రాలేదు. పది రోజుల ట్రైనింగూ, డిగ్రీలూ ఎక్కడికి పోయాయో! "సార్... గది... గా ఫారాలు..." అని నసుగుతున్నాను. ఆయన గడియారం చూసుకుని రెండో కాలు కూడా లోపల పెట్టాడు.

"సర్!" సుజాత జీపుకు అడ్డం నిలబడింది. "టెంత్ ఎగ్జామ్ ఫార్మ్స్. ఫార్టీ టూ. టుడే లాస్ట్ డేట్. మై ఫోటో ఆల్సో!"

ఆఫీసరు దిగాడు. అల్మారా తెరిచి ఫారాలు తిరగేశాడు. ఆమె ఫోటో కనపడగానే ఆ మీసం కింద నవ్వు కనపడింది. గేటు పాసు రాసి, నన్ను ఒకసారి చూసి, కాగితం ఆ పిల్ల ముందుకు జరిపాడు. "యూ సైన్, బేటీ."

నా సంచీకి సుజాత హామీ సంతకం పెట్టింది, ఇంగ్లీషులో, వంకర లేకుండా!

ఫారాలను హెడ్మాస్టరు గారు స్వయంగా సంగారెడ్డి తీసుకెళ్లి నాలుగింటికల్లా అప్పజెప్పారు. నన్ను ముట్టుకోనివ్వలేదు. ఆయన తిరిగొచ్చి "అయిపోయింది తియ్యి" అన్నాక గానీ నాకు ఊపిరాడలేదు. అమ్మయ్య అనుకుని స్టాఫ్ రూములో కూలబడి, పొద్దుటి టిఫిన్ సాయంత్రం తిన్నాను.

మర్నాడు పదో తరగతికి వెళ్లి, బోర్డు మీద చెయ్యి వేసి, పిల్లలందరి ముందూ ప్రమాణం చేశాను. ఏ పిల్లైనా రొప్పుకుంటూ వస్తే ముందు "ఏమైందమ్మా?" అని అడుగుతానని, ఫుల్ సెంటెన్సులు ఆ తర్వాతేనని. శుద్ధమైన తెలుగులో చేశాను. బెల్లు కొట్టేదాకా నిలబడ్డాను కూడా.