చిన్నాయన మూర

మా చిన్నాయన ముఖం కన్నా మోచెయ్యే నాకు బాగా గుర్తు. అరుగైనా, అరటాకైనా మూరేసి చూడందే వదిలేవాడు కాదు.

యుద్ధం ముగిసిన ఏడు మా తాత పోయాడు. ఆ వెంటనే, చిత్తూరులో మా మిద్దె మీది ఇరుకు గదులు కలిపి రెండు పెద్ద పడకగదులు చేయిద్దామన్నాడు చిన్నాయన.

"గాలొచ్చే గది నీకే పాపా," అన్నాడు నాతో. నాయన మురిసిపోయాడు.

మా వైపు ఇంటి యజమాని మూరతోనే గోడలు కొలుస్తారు. మేస్త్రీ రాగానే, పెద్దకొడుకు గనక నాయన చెయ్యి చాపాడు.

"అన్న మూర ఎందుకప్పా? నాది పెట్టు. మా నాయన ఇల్లు నా పేర రాసిపోయినాడు," అన్నాడు చిన్నాయన.

చాచిన చెయ్యి దించడం నాయన మరిచిపోయాడు. నాకిస్తానన్న గదిని చిన్నాయన తన మోచేత్తో తాపీగా కొలుచుకున్నాడు.