నూనె దిగే దారి

మా ఆయనకి భయం ఎక్కువ. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు, ఎందుకంటే ఆయనకే లేదు. నిచ్చెన మూడో మెట్టు దాటి ఎక్కడు. కుక్క కనిపిస్తే వీధి మారుస్తాడు. పెళ్లైన కొత్తలో రోడ్డు దాటుతుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడు. ప్రేమ కాబోలనుకుని మురిసిపోయాను. ఏడాది తర్వాత గమనించాను, ఎప్పుడూ బళ్లు వచ్చే వైపు నన్నే ఉంచుతున్నాడని.

ఎవరు ఎక్కడికి బయల్దేరినా "పదిలం" అంటాడు. సబ్బు కొనడానికి పక్క వీధికి వెళ్తున్నా అదే మాట. షెడ్డులో అందరూ ఆయన్ని పదిలం అనే పిలుస్తారు. అసలు పేరు షెడ్డు యజమానికైనా గుర్తుందో లేదో అనుమానమే. నేను అదే షెడ్డులో ఓ మూల కుట్టు మిషను వేసుకుని లారీ సీట్లకు కవర్లు కుడతాను. కాబట్టి ఇంట్లో భయం, షెడ్డులో భయం, రెండూ నా కళ్లముందే.

ఆయన పని డీజిల్ లారీలకు జంట టర్బోలు బిగించడం. అందులోనూ వాటికి నూనె పైపులు వెయ్యడంలో ఆయన చెయ్యి పెట్టింది పేరు. ఇరవై రెండేళ్లుగా వింటున్నాను గనక ఆ సంగతులు నాకూ నోటికి వచ్చేశాయి. టర్బో అంటే నత్తగుల్లలా ఉండే ఇనుప డబ్బా. లోపల ఒకే ఇరుసుకి రెండు చిన్న చక్రాలు. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పితే, రెండోది గాలిని ఇంజన్లోకి కూరుతుంది. బరువుతో కొండలెక్కే బళ్లకి చిన్నదొకటి, పెద్దదొకటి పెడతారు. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు తిరుగుతుంది, అదీ నూనె మీద తేలుతూ. నూనె పైనుంచి సన్నపైపులో ఇంజన్ ఒత్తిడికి తోసుకుంటూ వస్తుంది. కింద లావుపైపులోంచి ఇంజన్ అడుగున్న తొట్టిలోకి దిగిపోతుంది.

"వచ్చేటప్పుడు దాన్ని తోసేవాళ్లున్నారు. పోయేటప్పుడు ఎవరూ లేరు. దాని బరువుతో అదే దిగాలి" అంటాడు మా ఆయన.

అందుకే కిందిపైపుకి వాలు ఉండాలి. వాలు లేకపోతే నూనె దిగదు. దిగని నూనె టర్బోలో నిండి, ఇరుసు పక్కనుంచి గాలి దారిలోకి చొరబడుతుంది. డీజిల్ ఇంజన్‌కి ఏ నూనైనా ఒకటే, తాగేస్తుంది. తాగిన కొద్దీ వేగం పెంచుకుంటుంది. అప్పుడు తాళం తిప్పినా ఆగదు, ఎందుకంటే తాళం ఆపగలిగేది డీజిలుని మాత్రమే. మెకానిక్కులు దాన్ని ఇంజన్‌కి పిచ్చెక్కడం అంటారు. మా ఆయన పని నేర్చుకునే రోజుల్లో అలా పిచ్చెక్కిన ఇంజన్ ఒకటి పగిలి, ఇనుప ముక్క ఆయన తలకి జానెడు పక్కన గోడలో దిగబడింది. ఆ కథ నాకు ఒక్కసారే చెప్పాడు, చెబుతున్నంతసేపూ నీళ్లు తాగుతూనే ఉన్నాడు.

ఆ భయంతోనే ఆయన ప్రతి కిందిపైపుకీ రెండు వేళ్ల మందం వాలు ఇస్తాడు. పైపు మీద రసమట్టం పెట్టి చూస్తాడు. అదే, తాపీ పనివాళ్ల దగ్గర ఉంటుందే, గాజుగొట్టంలో బుడగ అటూ ఇటూ జరిగి ఎటు ఎత్తో ఎటు పల్లమో చెప్పే కర్ర. ఆ తర్వాత పైన ఓ గ్లాసుడు నూనె పోసి, కింద పళ్లెం పట్టి, చివరి చుక్క దిగేదాకా గొంతుక్కూచుని చూస్తాడు. ఇన్నేళ్లలో ఆయన వేసిన పైపుల మీద ఒక్క మాట రాలేదు. ఈ భయం వల్ల మాకు ఓ చిక్కు మాత్రం ఉంది. ఆయన ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. బండి ఇచ్చి పంపాక "నూనె చూసుకున్నావా, పొగ చూసుకున్నావా" అని పది సార్లు చేస్తాడు మరి.

అందరికన్నా ఎక్కువ వేళాకోళం చేసేది మా తమ్ముడు. వాడు లారీ నడుపుతాడు. సొంత బండి, ఈ మధ్యే కొన్నాడు. కొండమీద ఊళ్లకి సిమెంటు తోలాలని, దానికి జంట టర్బోలు పెట్టమని బావ వెంటపడ్డాడు. మా ఆయన పది రోజులు పట్టాడు. పెద్ద టర్బోకి ఇంజన్ వెనక తప్ప చోటు దొరకలేదు. దాని కిందిపైపు ఇంజన్ పక్కగా ముందుకి నడిచి తొట్టిలో కలవాలి. దారిలో చట్రం అడ్డం. ఎంత గింజుకున్నా రెండు వేళ్ల వాలు రాలేదు, ఒక వేలే వచ్చింది. రసమట్టం పెట్టాడు, బుడగ సరిగ్గానే చెప్పింది. గ్లాసుడు నూనె పోశాడు, చుక్క మిగలకుండా దిగింది.

"ఇంకా ఎన్నాళ్లు బావా. నువ్వు అనుమానం తీర్చుకునేలోపు నేను ముసలాణ్ణైపోతా" అన్నాడు మా తమ్ముడు.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం సిమెంటు లోడుతో బయల్దేరాడు. ఊళ్లో రెండు రోజులు తిప్పి చూసినప్పుడు బండి చక్కగా నడిచింది. కొండ ఎక్కడం మాత్రం అదే మొదటిసారి.

మూడు గంటలకి నేను మిషను చుట్టూ కడుగుదామని బకెట్టు నీళ్లు పోశాను. నెల కిందట మా అమ్మ కంటి ఆపరేషన్‌కి మేమిద్దరం వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, యజమాని షెడ్డుకి కొత్త గచ్చు చేయించాడు. పాత గచ్చు మీద నీళ్లు మడుగులు కట్టి చీపురుతో తోయలేక నడుం విరిగేది. కొత్త గచ్చు నేను కడగడం ఇదే మొదటిసారి. నీళ్లు నున్నగా జారి, గుమ్మం పక్కనున్న కాలువలోకి పోయాయి.

"ఏవండీ, ఈ మేస్త్రి ఎవరో గాని బంగారంలాంటి పని చేశాడు. చీపురే పట్టక్కర్లేదు, నీళ్లు వాటంతట అవే పోతున్నాయి" అన్నాను.

మా ఆయన తలెత్తి నీళ్ల వంక చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు. ఆ తర్వాత రసమట్టం తెచ్చి గచ్చు మీద పెట్టాడు. బుడగ పరుగున పోయి వెనక గోడ వైపు చివర నక్కింది, అంటే అటు ఎత్తు, గుమ్మం వైపు పల్లం. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

షెడ్డులో బళ్లని వెనక్కి తోలి నిలబెడతారు, మూతి గుమ్మం వైపు ఉంటుంది. అంటే పది రోజులూ మా తమ్ముడి బండి మూతి కిందికి వాలి నిలబడింది.

"ఒక వేలు. నేనిచ్చిందే ఒక వేలు" అన్నాడు. "ఆ వేలు కూడా గచ్చుదే. పైపుకి అసలు వాలే లేదు."

"చదును నేల మీద బానే నడిచిందిగా" అన్నాను, నన్ను నేను ఊరడించుకోవడానికి.

"చదును మీద ఎలాగో నెట్టుకొస్తుంది. కొండెక్కితే మూతి పైకి లేస్తుంది. పైపు ఎదురువాలు అయిపోతుంది. నూనె ఎటు పోవాలి?"

మూడున్నరకల్లా వాడు కొండ రోడ్డు ఎక్కేస్తాడు. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, వీపున పదహారు టన్నుల సిమెంటు, లోపల మా తమ్ముడు. వాణ్ణి నేను చంకనేసుకుని పెంచాను.

ఆయన ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. ఏడోసారి కట్ చేశాడు మా తమ్ముడు. నా ఫోన్‌తో చేస్తే అదీ కట్ చేశాడు, బావే నా ఫోన్ లాక్కుని చేస్తున్నాడనుకుని. యజమాని తనకి తెలిసిన డ్రైవర్లందరికీ చేస్తూ కూచున్నాడు, ఆ దారిలో ఒక్కరూ లేరు. మేమిద్దరం షెడ్డు వ్యాన్ తీసుకుని బయల్దేరాం. అందుకోలేమని ఇద్దరికీ తెలుసు. ఊరికే కూచోలేక వెళ్లాం.

మా ఆయన అంత వేగంగా తోలడం నేనెప్పుడూ చూడలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యడం లేదు. పదిలం అందామని నోటిదాకా వచ్చి మింగేశాను. నాకు ఆయన మీద పీకలదాకా కోపం ఉంది. పది రోజులు ఆ గచ్చు మీద నడిచిన కాళ్లకి తెలియలేదా అని అడగాలనుంది. ఇరవై రోజులు అదే గచ్చు మీద కూచుని మిషను తొక్కిన నాకు మాత్రం ఏం తెలిసింది? ఆ మాట తట్టేసరికి కోపం కూడా మిగల్లేదు, ఉత్త భయమే మిగిలింది.

నాలుగూ పది అయింది. పద్నాలుగు సార్లు చేశాను. ఇంక చెయ్యకూడని పని చేశాను. ఆపరేషన్ కన్ను చల్లగా మూసుకుని ఇంట్లో నిద్రపోతున్న మా అమ్మని తలుచుకుని, క్షమించమని మొక్కుకుని, "అమ్మకి ప్రాణం మీదికి వచ్చింది, ఫోన్ ఎత్తు" అని మెసేజ్ పెట్టాను.

నిమిషం తిరక్కుండా మోగింది.

"అక్కా, అమ్మకేమైంది?" వాడి గొంతులో ఏడుపు.

"అమ్మకేం కాలేదురా. ముందు బండి ఆపు."

"ఆపే మాట్లాడుతున్నా. అమ్మ పేరు చెప్పి ఇలాంటి వేషాలేంటి అక్కా? ఇదంతా బావ పనేగా."

మా ఆయన వ్యాన్‌ని రోడ్డు పక్కకి లాగి ఆపి, ఫోన్ అందుకుని స్పీకర్లో పెట్టాడు. "ఒరేయ్, ఎక్కడున్నావు?"

"సగం కొండ ఎక్కేశా. మలుపు దగ్గర ఉన్నా."

"పొగ ఏ రంగులో ఉంది?"

"ఇందాకట్నుంచి కొంచెం నీలంగా వస్తోంది. కొత్తది కదా, సర్దుకుంటుందిలే అని..."

"నీలమంటే నూనె తాగుతోంది. తాళం తిప్పు."

తాళం తిప్పిన చప్పుడు వినిపించింది. ఇంజన్ ఆగలేదు. ఒక్క క్షణం గొణిగినట్టు తగ్గి, మళ్లీ లేచింది. లేస్తూ లేస్తూ కీచుమనడం మొదలుపెట్టింది. ఇంజన్ అలా అరవగలదని నాకు తెలియదు. వీధిలో పిల్లిని తొక్కినా అంత ఘోరంగా అరవదు.

"బావా, తాళం నా చేతిలో ఉంది. ఇది ఆగట్లేదు. బావా, నేను దూకేస్తున్నా."

"దూకకు" అన్నాడు మా ఆయన. ఎంత నెమ్మదిగా అన్నాడంటే, పక్కనున్న నాకు అది ఆయన గొంతేనా అనిపించింది. "నువ్వు దూకితే బండి వెనక్కి జారుతుంది. వెనక బళ్లు వస్తుంటాయి. నేను చెప్పింది చెయ్యి. క్లచ్ తొక్కు. తొక్కావా?"

"తొక్కా. పొగ లోపలికి వచ్చేస్తోంది."

"రానీ. పెద్ద గేరులో వెయ్యి. ఆఖరిది. పడిందా?"

"పడింది."

"బ్రేకు మీద నిలబడు. నీ ఒంట్లో బరువంతా దాని మీదే పెట్టు. ఇప్పుడు క్లచ్ ఒక్కసారిగా వదిలెయ్. మెల్లగా కాదు, ఒక్కసారిగా. కదలని చక్రాలే దాని గొంతు నొక్కుతాయి."

ధనామని చప్పుడు. ఏదో విరిగినట్టు, ఏదో పడినట్టు. ఆ తర్వాత ఏమీ లేదు. కీచు లేదు, గొంతు లేదు. నేను చెవులు మూసుకున్నాను. మా ఆయన మూసుకోలేదు. ఫోన్‌ని రెండు చేతుల్తో పట్టుకుని, చప్పుడు రాకుండా పెదాలతోనే వాడి పేరు పిలుస్తున్నాడు.

"ఆగింది బావా" అన్నాడు వాడు. "ఆగిపోయింది."

మా ఆయన వ్యాన్ దిగి రోడ్డు పక్క కూలబడి వాంతి చేసుకున్నాడు.

మేం చేరేసరికి అయిదున్నర. మలుపు దగ్గర బండి మూతి పైకెత్తి నిలబడి ఉంది, చక్రాల కింద రాళ్లు. రోడ్డంతా నల్లటి నూనె. వెనక చక్రానికీ లోయకీ మధ్య రెండు మూరల చోటుంది, అంతే. మా తమ్ముడు అంచు గోడ మీద కూచుని ఉన్నాడు, చుట్టూ ఆగిన బళ్ల డ్రైవర్లు. మమ్మల్ని చూడగానే లేచి వచ్చి మా ఆయన్ని కావలించుకోబోయాడు.

"మా బావ. ఈయనే" అని చూపించాడు అందరికీ. "ఈయన ఫోన్ చెయ్యకపోతే నేనీపాటికి ఆ కిందుండేవాణ్ణి."

ఒక ముసలి డ్రైవర్ మా ఆయన భుజం తట్టాడు. మా ఆయన ఓ అడుగు వెనక్కి వేశాడు.

"నన్ను పట్టుకోకురా. ఇది నా తప్పు. పైపుకి వాలు లేదు. గచ్చు వాలుని పైపు వాలనుకున్నాను. చక్రాల కింద నేల మట్టంగా ఉందో లేదో చూడలేదు."

డ్రైవర్లు ఒక్కొక్కరే పక్కకి తప్పుకున్నారు. మా తమ్ముడి చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. వాడు ఆయన్ని కొట్టినా ఆపడానికి నాకు ఓపిక లేదు. ఎవరి వైపు నిలబడాలో కూడా తెలియలేదు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అన్నాడు వాడు చేతులు దించుతూ.

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావు?"

మా ఆయన రోడ్డు మీది నూనె వంక చూశాడు. "చెప్పకపోతే రేపట్నుంచి నువ్వు నన్ను ఇంకా ఎక్కువ నమ్ముతావు. అది తలుచుకుంటే భయమేసింది."

మా తమ్ముడు ఆయన మొహంలోకి, ఆ తర్వాత బండి వంక చూశాడు. నాకు ఏడుపు ఆగలేదు. వాడు క్యాబిన్లోంచి టార్చి తీసి, ఇంకా పొగలు కక్కుతున్న ఇంజన్ పక్కన నూనెలోనే వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు.

"ఏ పైపు బావా, చూపించు" అన్నాడు కిందనుంచి.

మా ఆయన వెళ్లి వాడి పక్కనే పడుకున్నాడు.